తిండిపోతు పెట్టె

కరెంటు గురించి అల్లుడికి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఈ సంగతి కరెంటుకు తెలియదు.

ఆ పొద్దున ఆయన పథకం చిన్నదే. కొండమీది ఆ అత్తారింటికి కరెంటు లైను లేదు. పైకప్పు మీద సోలార్ పలకలు, వాటితో నిండే బ్యాటరీలు, అంతే. భార్య గద్దల మీద పరిశోధన చేస్తోంది. ఎదురు బండ మీది గూట్లో గుడ్డు నేడో రేపో పగిలేలా ఉంది. కెమెరా తీసేదంతా ఒక స్టోరేజీ పెట్టెలో చేరాలి. పెట్టె ఆగిపోయిన వేళ పిల్ల బయటికొస్తే ఆమె పరిశోధన గోవిందా.

పాత ఆఫీసొకటి అమ్మేస్తుంటే చవగ్గా తెచ్చిన నాలుగు డిస్కుల పెట్టె, తెల్లారేసరికి బ్యాటరీలను నాకేసి ఆగిపోయింది. అల్లుడు చలించలేదు. చంకలో ఇంకో పెట్టెతో కొండెక్కాడు.

"అది కుంభకర్ణుడు. ఇది చూడు, ఒక్కటే డిస్కు, చిన్న బల్బు తిన్నంత కూడా తినదు. ఇన్వర్టర్ కూడా అక్కర్లేదు. అదొక దళారీ, మధ్యలో కమీషన్ కొట్టేస్తుంది. బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చేద్దాం."

"పోయినసారీ ఇలాగే అన్నారు," అంది భార్య.

"అప్పుడు ఊరికే అన్నాను. ఇప్పుడు లెక్కేసి అంటున్నాను."

మర్నాడు అదీ ఆగింది. అల్లుడు ఇంటి మీద యుద్ధం ప్రకటించాడు. ఫ్యాన్లు, మిక్సీ, ఇస్త్రీపెట్టె బంద్. గోడ గడియారంలో సెల్లు కూడా పీకేశాడు. దానికీ సోలార్‌కూ ఏం సంబంధమని అడిగితే, "క్రమశిక్షణ" అన్నాడు.

"అత్తయ్యా, మీ చెవి మిషను కూడా రోజు విడిచి రోజు చార్జింగ్ పెడదాం."

"ఏమన్నారు బాబూ? ఇవాళ విడిచిన రోజు, వినపడదు."

బావమరిది ఒక్కడే అండగా నిలిచాడు. "బావ చెప్పినట్టే విందాం. త్యాగం లేనిదే సైన్సు లేదక్కా!"

అయినా పెట్టె మూడోసారి ఆగింది. బైనాక్యులర్ దించి భార్య ఆయన వైపు తిరిగింది. "గుడ్డు మీద గీత పడిందండీ. ఇంకో పెట్టె కొన్నారో, మిమ్మల్ని ఆ గూట్లో కూర్చోబెడతాను. అసలు తింటున్నది ఎవరో ముందు తేల్చండి."

అల్లుడు పరుగున దిగి, తీగను పట్టుకుంటే ఎంత కరెంటు పోతోందో చూపే మీటరు అరువు తెచ్చాడు. కాస్త ఎండ తగిలి అన్నీ మేలుకున్నాక చూస్తే, పెట్టె తీగ దగ్గర అంకె కదిలీ కదలనట్టుంది. బావమరిది గదికి వెళ్లే తీగ దగ్గర ఎగిరి గంతేసింది.

"మంచం కింద ఏంట్రా?"

"సూట్‌కేసు, బావా."

"సూట్‌కేసు గుర్రుమంటోందేం?"

"లోపల బట్టలకు చలేస్తుందేమో."

దుప్పటి లాగితే చిన్న ఫ్రిజ్, నిండా ఐస్‌క్రీం. ప్లగ్గు పీకారు. ఆ తర్వాత పెట్టె మళ్లీ ఆగలేదు. ఆ గీత విచ్చుకోవడం మొదలు, తడి ముక్కు పైకి లేవడం దాకా ఒక్క క్షణం కూడా పోకుండా అందులో చేరింది.

ఇంతసేపూ ఆ బావమరిది ఎవరో తెలియనట్టు చెప్పుకొచ్చాను. నేనే. ఐస్‌క్రీం నాదే, త్యాగం మీద ఉపన్యాసమూ నాదే. ఆ రోజు గుడ్డులోంచి గద్దపిల్ల, గదిలోంచి నేను, ఇద్దరం బయటికొచ్చాం.

దానికి మాత్రం వాళ్లమ్మ తిండి పెట్టింది.