కంప్యూటరుకు తెల్లకార్డు

కాగితాల మీద ఎన్నేళ్లు రాసినా కరువు లొంగలేదు గనక, ఇకమీదట దాన్ని కంప్యూటర్లో ఎక్కించి లొంగదీయాలని ప్రభుత్వంవారు నిర్ణయించారు! ఆ మహత్తర నిర్ణయం ఫలితంగా, రెండువేల రెండులో, వరసగా మూడో ఏడు వాన ముఖం చాటేసిన సమయంలో, ఉప్పరగుట్ట మండలాఫీసుకు ఒక కంప్యూటరు వచ్చింది. దానికి కుంకుమ పెట్టారు. గుమ్మడికాయతో దిష్టి తీశారు. చల్లగా ఉండాలని కిటికీకి తడిగోనె కట్టమన్నారు. తడపడానికి నీళ్లు లేవు గనక ఎండుగోనెతోనే సరిపెట్టారు.

ఆ యంత్రానికి సారథి సీనియర్ అసిస్టెంటు లక్ష్మీపతి. అనంతపురంలో మూడు రోజుల శిక్షణ పొంది వచ్చిన మేధావి. మొదటిరోజు ఆన్ చేయడం నేర్పారు, రెండోరోజు ఆఫ్ చేయడం నేర్పారు, మూడోరోజు కరెంటు లేదు.

ఆయన చేయవలసిన పని ఒక్కటే. ఎవరి చేను ఎంత ఎండిందో జాబితా ఎక్కించి పై ఆఫీసుకు పంపాలి. జాబితా పోతే మండలం పేరు కరువు మండలాల పట్టీలో నిలుస్తుంది. నిలిస్తే నీళ్ల ట్యాంకరు వస్తూ ఉంటుంది, ఎండిన పంటకు సాయం అందుతుంది. ఇది లక్ష్మీపతికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయనకూ ఐదెకరాల బుడ్డల చేను, అంటే వేరుశనగ చేను ఉంది. బుడ్డలు అప్పడంలా ఎండాయి. ఆయన వీధికీ ట్యాంకరే దిక్కు.

కానీ కంప్యూటరుతోపాటు ఒక సీడీ కూడా వచ్చింది. బిగించడానికి వచ్చిన మెకానిక్ జోయల్ దాన్ని టెస్టింగు కోసం పెట్టి, తీయడం మరిచి వెళ్లిపోయాడు. అందులో ఒక రాజ్యం ఆట ఉంది. ఆడేవాడే రాజు. చెరువులు తవ్వించాలి, కాలువలు తీయించాలి, విత్తనం వేయించాలి. ఆరు మెట్లు సక్రమంగా దాటితే ఏడో మెట్టులో వాన పడుతుందని అట్ట మీద రాసి ఉంది.

వాన! ఆ మాట చదివి లక్ష్మీపతి కళ్లజోడు తుడుచుకున్నాడు. మళ్లీ చదివాడు. మూడేళ్లుగా ఆకాశం వైపు చూసిచూసి మెడ పట్టేసిన మనిషి. ఎక్కడైతేనేం, ఒక్కసారి వాన చూడాలని ఆయనకు నిజంగా, కడుపులోంచి అనిపించింది.

ఆనాటి నుంచి ఆఫీసులో ఆట అనే మాట వినపడలేదు. ఆ పని పేరు డేటా.

"సార్ ఉండారా?" అని ఎవరొచ్చినా, అటెండరు ఓబుళేసు వేలు పెదవుల మీద పెట్టుకుని, "డేటాలో ఉండారు, గట్టిగా మాట్లాడొద్దు" అనేవాడు. దేవుడి గది ముందు నిలబడినట్టు జనం చెప్పులు విడిచేవారు.

ప్రతి సోమవారం గొర్రెలు మేపే తిప్పమ్మ వచ్చేది. ఆమెకు రెండెకరాలు. విత్తిన బుడ్డల్లో సగం చీమలకు, సగం ఎండకు పోయాయి.

"నా పేరెక్కినాదా సార్?"

"డేటా నడుస్తాంది తిప్పమ్మా."

"నేనూ ఆరు మైళ్లు నడిచే వస్తాండా సార్. అది యాడిదాకా వచ్చినాది?"

"నాలుగో మెట్టు" అని నోరు జారి, లక్ష్మీపతి దగ్గాడో లేదో అన్నట్టు దగ్గి, "నాలుగో విడత" అని దిద్దుకున్నాడు.

రాజ్యపాలన సులువేమీ కాదని ఆయనకు త్వరలోనే తెలిసింది. బుడ్డలు తింటూ ఆడడం వల్ల ఒలిచిన పొట్టు మౌసు కిందికి చేరి, లోపలి గుండు ఇరుక్కుంది. రాజు ఎడమకు తప్ప కుడికి నడవడు! వారం రోజులు రాజ్యమంతా ఎడమవైపే అభివృద్ధి చెందింది. మౌసు విప్పి గుండు కడగబోతే నీళ్లు లేవు. ఓబుళేసు దాన్ని పంచెతో తుడిచి, ఊది, కళ్లకద్దుకుని ఇచ్చాడు. తరువాత సీడీకి గీతలు పడ్డాయి. అది తిరిగినప్పుడల్లా మూలిగేది. ఆ మూలుగు విని బయటి జనం, "పాపం, మన కష్టం మోయలేకుండాది" అని జాలిపడేవారు. ఒకనాడు అయిదు మెట్లెక్కి, పదకొండు చెరువులు తవ్వించి, ఒళ్లు విరుచుకునేసరికి కరెంటు పోయింది. యూపీఎస్ రెండు నిమిషాలు అరిచి చచ్చింది. కరెంటు వచ్చాక చూస్తే చెరువుల్లేవు, కాలువల్లేవు, రాజు మళ్లీ బీడులో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఆటను సేవ్ చేసుకోవాలట! అది బహుశా నాలుగోరోజు శిక్షణలో ఉండి ఉంటుంది.

లక్ష్మీపతి ఆ రాత్రి అన్నం తినలేదు. "ఏమయింది?" అని భార్య ఈశ్వరి అడిగితే, "పదకొండు చెరువులు పోయినాయి" అన్నాడు. ఆమె భయపడి తాయెత్తు కట్టించింది.

మూడు నెలల తపస్సు తరువాత ఏడో మెట్టు వచ్చింది. తెర మీద ఆకాశం నల్లబడింది. మబ్బు మోడాలు కమ్ముకున్నాయి. నెమలి అరిచింది. చేలల్లో బొమ్మ రైతులు తలలెత్తి చూశారు. లక్ష్మీపతి, ఓబుళేసు కూడా లేచి నిలబడ్డారు. మొదటి చినుకు మబ్బులోంచి బయలుదేరింది. సగం దూరం వచ్చింది. అక్కడే ఆగిపోయింది!

కిందికి రాదు, పైకి పోదు. మౌసు కదలదు. కీబోర్డు పలకదు. నెమలి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ఆఫ్ చేసి ఆన్ చేశారు. మళ్లీ మోడాలు, మళ్లీ నెమలి, మళ్లీ సగం దూరంలో చినుకు.

"దీంట్లో గూడా పడల్యా సార్?" అన్నాడు ఓబుళేసు, ఏడుపు గొంతుతో.

కబురు పెడితే జోయల్ అనంతపురం నుంచి వచ్చి, డబ్బా విప్పి, గుప్పెడు ఎర్రదుమ్ము బయటకు తీసి పెదవి విరిచాడు. "మోడాల్దాకా ఇది లాగుతాదన్నా. చినుకులు లాగల్యాదు. గ్రాఫిక్స్ కార్డు కావల్ల."

"వాన పడేదానికి కార్డేందప్పా?" అన్నాడు లక్ష్మీపతి.

"కార్డు లేకుండా ఈ దేశంలో ఎవురికేం పడ్తాదన్నా?"

ఆ మాటకు తిరుగులేదు. లక్ష్మీపతి వెంటనే అర్జీ రాశాడు. 'కరువు డేటా మిక్కుటమగుటచే యంత్రము మాటిమాటికి స్తంభించుచున్నది. కావున ఒక గ్రాఫిక్స్ కార్డు మంజూరు చేయ ప్రార్థన.' ఎమ్మార్వో హేమలత మేడంకు గ్రాఫిక్స్ కార్డంటే ఏమిటో తెలియదు. తెలియదని కిందివాణ్ణి అడిగే ఎమ్మార్వో ఇంతవరకు పుట్టలేదు. "ఇది ఎప్పుడో పెట్టాల్సింది కదప్పా!" అని మందలించి, పచ్చ సిరాతో సంతకం చేసింది.

పై ఆఫీసులో ఎవరో పుణ్యాత్ముడు కార్డు అన్న ఒక్క మాట చూసి, ఆ కాగితాన్ని రేషన్ కార్డుల సెక్షనుకు పంపాడు. మూడు వారాలకు జవాబొచ్చింది. 'తెల్లదా, గులాబీదా? లబ్ధిదారు పేరు, కుటుంబ సభ్యులు, ఆదాయ ధ్రువపత్రం, రెండు ఫోటోలు జతపరచగలరు.'

"ఈ కార్డు కాదు మేడం" అన్నాడు లక్ష్మీపతి.

"పై ఆఫీసుకు తప్పు చూపిస్తావా? నీకు రిటైరుమెంటు ఇంకా పదేండ్లుండాది. అడిగినవి పంపించు!"

పంపించారు. లబ్ధిదారు పేరు: కంప్యూటరు. కుటుంబ సభ్యులు: మానిటరు, సీపీయూ, కీబోర్డు, మౌసు, వెరసి నలుగురు. వార్షికాదాయం: లేదు. గ్యాసు: లేదు. ఫోటో స్టూడియోవాడు రెండు చెవులూ కనపడాలని పట్టుబడితే, మానిటరుకు చెరోవైపు ఒక స్పీకరు నిలబెట్టారు. విచారణకు వచ్చిన అధికారి ఇంటిని, అంటే బల్లను, చుట్టూ తిరిగి చూసి, 'కడు నిరుపేద' అని రాశాడు. నెల తిరక్కుండా తెల్లకార్డు వచ్చింది! నలుగురికీ కలిపి పదహారు కేజీల బియ్యం!

ఆ సోమవారం తిప్పమ్మ నోరు తెరిచి నిలబడిపోయింది. "మూడేండ్లుగా కార్డుకు తిరుగుతాండా నేను. దానికెట్లొచ్చెనప్పా?"

"దానికి ఆదాయం లేదమ్మా" అన్నాడు ఓబుళేసు.

"నాకుండాదా?"

"నువ్వు ఏదో ఒకటి తిని బతుకుతాండావు. అదేమీ తినదు. ఎంత పేదదో చూడు!"

కంప్యూటరు తినని బియ్యాన్ని రెండు నెలలు కూడబెట్టి జోయల్‌కు ఇచ్చారు. అతను ఎక్కడిదో పాత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించాడు. దానికి తోడు కావలసిన డ్రైవరు లేదంటే, మేడం జీపు డ్రైవర్ని పంపింది. అతను అరగంట కూర్చుని టీ తాగి వెళ్లాడు. జోయల్ మరో సీడీ వెతికి తెచ్చాక గానీ పని కాలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకు, బయట నలభై రెండు డిగ్రీల ఎండలో దుమ్ము సుడి తిరుగుతుండగా, ఉప్పరగుట్ట మండలాఫీసులో వాన పడింది.

చినుకు ఆగలేదు! ఒకటి, పది, వెయ్యి! చెరువులు నిండాయి. చేలు పచ్చబడ్డాయి. స్పీకర్లలో హోరు. లక్ష్మీపతి కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడకుండా ఏడ్చాడు. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. కరువు పరిశీలనకు జిల్లా నుంచి వచ్చిన ప్రత్యేకాధికారి, వెనక మేడం.

"ఏమిటిది?" అన్నాడాయన.

లక్ష్మీపతి నోట అలవాటైన మాటే వచ్చింది. "డేటా సార్."

"ఏ మండలానిది?"

లక్ష్మీపతి మేడం వైపు చూశాడు. మేడం గోడ వైపు చూసి, "మనదే సార్" అంది.

"ఎప్పటిది?"

"ఇప్పటిదే సార్" అన్నాడు ఓబుళేసు. వాడొక్కడే నిజం చెప్పాననుకున్నాడు.

ప్రత్యేకాధికారి జన్మలో కంప్యూటరు ముట్టుకోలేదు. ఆ సంగతి బయటపడకూడదు గనక గంభీరంగా తలాడించాడు. కిటికీలోంచి చూస్తే దుమ్ము. తెర మీద చూస్తే వాన. ఏది నమ్మాలి? కిటికీకి గ్రాఫిక్స్ కార్డు లేదు. తెర మూలన వర్షపాతం నూటపన్నెండు అని ఉంటే డైరీలో రాసుకున్నాడు. "మంచి పని చేస్తున్నారు" అని లక్ష్మీపతి భుజం తట్టి జీపెక్కాడు.

మూడోరోజున ఉత్తర్వు. విస్తారంగా వర్షాలు కురిసినందున ఉప్పరగుట్టను కరువు పట్టీ నుంచి తొలగించడమైనది. ట్యాంకరు నిలిపివేయడమైనది.

లక్ష్మీపతి మేడం దగ్గరికి పరుగెత్తాడు. "నిజం రాసేద్దాం మేడం. నా బుడ్డలూ పోయినాయి. మా ఇంట్లో గూడా తాగేదానికి నీళ్లు లేవు."

"ఏమని రాస్తావప్పా? డేటా అని చెప్పి ఆట ఆడినానని రాస్తావా? ఆటకు తెల్లకార్డు తెప్పించినామని నన్ను రాయమంటావా? పెద్దసారు ఆటబొమ్మను చూసి వర్షపాతం రాసుకున్నాడని ఎవురు రాస్తారు?" అంది మేడం.

ఊళ్లో గోల లేచింది. పై ఆఫీసు వారు న్యాయంగా ఒక పంచనామా పంపమన్నారు. వాన పడిందని, తన చేను తడిసిందని ఒక్క రైతయినా సంతకం చేయాలి. ఊళ్లో ఒక్కడూ రాలేదు. చేను ఉండి, ఉద్యోగం కూడా ఉన్న రైతు మండలంలో ఒకే ఒక్కడు.

సోమవారం లక్ష్మీపతి ఇంకుపెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఖాళీ బిందెతో తిప్పమ్మ.

"మీ చేన్లో పడినాదంట కదా సార్ వాన. ఒక బిందె పోయించు. సంసారమున్న దాన్ని."

ఆయన తలెత్తలేదు. 'నా ఐదెకరముల చేను సంపూర్ణముగా తడిసినది' అన్న వాక్యం కింద సంతకం పెట్టాడు.

తిప్పమ్మ ముందుకు వంగి చాలాసేపు ఆ సిరా వైపు చూసింది.

"మండలం మొత్తంలో తడి ఈడొకచోటే ఉండాది సామీ" అంది.

ఓబుళేసు కాగితం అందుకుని, ఊది, దాన్ని కూడా ఆరబెట్టాడు.