వెంగమ్మ ఓములు

కరెంటాఫీసులో మనుషుల చేతికి తీగలిచ్చి ఎవరెంత అడ్డం తిరుగుతారో కొలుస్తున్నారని, వంద ఓములు దాటినవాళ్ళకి మోటారు కనెక్షన్ లేదని పక్కింటి చెంచమ్మ అన్నదట. పాలకేంద్రం దగ్గర ఎవరో అనుకుంటుంటే వెంగమ్మ వింది. చెంచమ్మకి ఇరవై మూడే వచ్చాయట.

వెంగమ్మకి ఇందులో వింతేమీ కనబడలేదు. బియ్యానికి వేలిముద్ర, పింఛనుకి కన్ను, కరెంటుకి ఓములు. ఎకరన్నరలో మిరప నాటి పదకొండు రోజులైంది. బోరుంది, మోటారుంది, లైను లేదు. ఇంకో నాలుగు రోజులు తడి పడకపోతే చేను దున్నేయడమే. కొప్పు బిగించి బయల్దేరింది.

లైన్‌మన్ మాలకొండయ్య ఆమె చేతుల్లో రెండు తీగలు పెట్టి రెండొందల ముప్ఫై ఓల్టులు వదిలాడు.

"ఆఫీసు చెప్పిందల్లా ఒప్పుకుంటావా వదినా?" పద్ధతి ప్రకారం అడిగాడు.

"చెప్పేదేందో ముందు చెప్పు."

మీటరు ముల్లు అర ఆంపియరు దగ్గర ఆగిపోయింది.

"ఓల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే అడ్డం, గుణిస్తే సత్తువ," అంటూ మాలకొండయ్య కార్డు రాశాడు. "నాలుగొందల అరవై ఓములు. నూట పదిహేను వాట్లు. నీతో ఒక ఫ్యానూ లైటూ నడుస్తాయంతే. చెంచక్క పది ఆంపియర్లు పారించింది. రెండువేల మూడొందల వాట్లు! సారు స్నానానికి నీళ్ళు కాగినై."

ఇంజనీరు ఫణీంద్రరావు కార్డు చూసి ఓల్టులు రెట్టింపు చేయమన్నాడు. ఒత్తిడి పెంచితే ఎవరైనా పారతారని ఆయన అనుభవం. ముల్లు మాత్రం అర దగ్గర్నుంచి కదల్లేదు. ఓములు తొమ్మిదొందల ఇరవై అయ్యాయి. వేడెక్కేకొద్దీ అడ్డం పెరిగే రకమని కార్డు మీద ఎర్రసిరాతో రాశారు.

"నా సంగతి సరే. తమరివెన్ని అయ్యా?" అంది వెంగమ్మ.

దరఖాస్తుదారు అడిగితే అధికారి కూడా చూపించాలని నియమం. ఫణీంద్రరావు తీగలు పట్టుకున్నాడు. పై ఆఫీసు నుంచి ఏది వచ్చినా ఇరవై రెండేళ్ళుగా ఆయన లోపల ఎక్కడా ఆగింది లేదు. ఓములు సున్నా. మాలకొండయ్య సున్నాతో భాగించబోయేలోపే ఫ్యూజు ఎగిరింది, మూడూళ్ళకి కరెంటు పోయింది.

ఇంజనీరుని లైనులోంచి తీయాలంటే జిల్లా ఉత్తర్వు కావాలి. అందాకా ఆయన వెనకే అదే తీగకి అడ్డంగా ఇంకెవరినైనా కలపాలి. మాలకొండయ్య ఫ్యూజు మార్చి, స్టూలు వేసి వెంగమ్మని కూర్చోబెట్టి తీగలిచ్చాడు. సున్నాకి తొమ్మిదొందల ఇరవై కలిపితే తొమ్మిదొందల ఇరవై. లైను నిలబడింది. మూడూళ్ళలో దీపాలు వెలిగాయి.

"నీ కనెక్షన్ మంజూరు చేశానమ్మా," అన్నాడు ఫణీంద్రరావు, ఆమె పక్కనే తీగలు పట్టుకుని. "మోటారు ఇప్పుడే వేసుకోవచ్చు. నువ్వు లేచావంటే మాత్రం మళ్ళీ అందరికీ పోతుంది."

కనెక్షన్ల కోసం వరసలో ఉన్నవాళ్ళంతా కూర్చోమన్నారు. మంజూరు కాగితం కోసం వచ్చిన చెంచమ్మ ముందుకొచ్చి భుజం తట్టింది. "కూర్చోవే వెంగమ్మా, ఊరి కోసం. అడ్డం పడటం నీకు అలవాటేగా!"

వెంగమ్మ తీగలు వదల్లేదు. వరసని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"కూర్చుంటాలే. నా చేలో మోటారేసి మిరపకి నీళ్ళ మడవ తిప్పడానికి మీలో ఎవరు పోతున్నారు?"