ఉపసంచాలకులవారి కషాయ సేవనం

"ఇకమీదట కేన్సర్ రోగుల చేదును మా శాఖే ముందుగా తాగుతుంది!" అని జిల్లా ఆరోగ్య ఉపసంచాలకులు ఔయాంగ్ గారు ప్రకటించారు. ఇంత గొప్ప మాట మా ఆస్పత్రిలో ఎవరూ ఎన్నడూ అనలేదు. దాని అమలుకు ఆయన మా వార్డునే ఎంచుకోవడం మా అదృష్టం.

నా పక్క మంచం తాన్ అవ్వది. నలభై ఏళ్లు టీ తోటలో ఆకు కోసిన మనిషి. నాలుగో విడత కీమో అయ్యాక ఆరు రోజులుగా ఆమె కడుపు కదల్లేదు. గంజి చూస్తేనే మొహం తిప్పుకుంటోంది. మూలికా వైద్యం చూసే డాక్టరమ్మ లాన్, కీమో డాక్టరును అడిగి మరీ ఆమెకు కషాయం కాయించింది.

"ఇది కేన్సర్‌ని తగ్గించదు పెద్దమ్మా. ఆ పని కీమోది. ఇది కడుపుకి మాత్రమే" అంటూ మూడు రోజులకు సరిపడా మూడు కషాయం ప్యాకెట్లు బల్లమీద పెట్టింది.

సరిగ్గా అప్పుడే ఔయాంగ్ గారు, కెమెరాతో ఆయన సెక్రటరీ గువాన్ విచ్చేశారు.

"కషాయం ఇంత నల్లగా ఉందేం? ఎర్రగా ఉంటే ఫొటోలో ఉత్సాహంగా ఉంటుంది కదా?" అన్నారు ఔయాంగ్ గారు.

"సార్, అది అవ్వకి..." అంది డాక్టరమ్మ.

"ఫొటోకి అడ్డం రాకమ్మా."

ఆయన మొదటి ప్యాకెట్ కప్పులో పోసుకుని గడగడా తాగారు.

"ఫొటోలో మొహం వంకరగా వచ్చింది సార్" అన్నాడు గువాన్.

ప్రజలకోసం రెండోది తాగారు.

"కళ్లు మూశారు సార్."

మూడోది తాగేటప్పుడు ఆయన చిరునవ్వు చూసి నా కళ్లు చెమర్చాయి. డాక్టరమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది.

"నాయనా, అది నా విరేచనాల మందు" అంది అవ్వ.

ఔయాంగ్ గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. మూడో వాక్యం దగ్గర ఆగారు. నుదుటిమీద చెమట పట్టింది. తర్వాత వరండాలో ఆయన చూపిన వేగం ఈ వయసులో అరుదు. తాన్ అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆరు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

డాక్టరమ్మ సాయంత్రానికి మళ్లీ కాయించి తెచ్చింది. తెల్లారేసరికి అవ్వ సమస్య తీరింది. రెండు గిన్నెల గంజి తాగి మూడోది అడిగింది.

ఆ ఉదయం పత్రిక చూశాం. "కషాయ సేవనం అనంతరం ఉపసంచాలకులు ఆస్పత్రి మరుగుదొడ్లను మూడు గంటలపాటు స్వయంగా, క్షుణ్ణంగా పరిశీలించారు."

వారం తర్వాత గువాన్ వచ్చి వార్డు గోడకు నివేదిక అంటించాడు. "పథకం వల్ల లబ్ధి పొందినవారు: ఒకరు. ఫలితం: నూటికి నూరు శాతం."

"ఒకరేమిటయ్యా? నేనూ తాగాను, నాకూ పనిచేసింది. ఇద్దరని రాయి" అంది అవ్వ.

గువాన్ ఫైలంతా ఓపిగ్గా వెతికాడు.

"మీరు తాగుతున్న ఫొటో లేదు పెద్దమ్మా" అన్నాడు.