ఎక్కడికని అడిగిన యాప్

ఆ ఉదయం పెందుర్తిలో ఇంటికి తాళం వేస్తూ ఉమామహేష్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. జాలరిపేట వెళ్లాలి, ఆరు నెలలు కూర్చుని చేసిన పడవల యాప్ చూపించాలి, పడవల సంఘం పెద్ద ఎల్లాజీ చేత "బాగుంది" అనిపించుకోవాలి. అనకపోతే ఒకటో తారీఖు నుంచి ఆఫీసుకి రానక్కర్లేదని మేనేజరు చంద్రిక చల్లగా చెప్పేసింది.

పాపం, ఒట్టి మొహమాటస్థుడు. ఎవరేమడిగినా సరేనన్నాడు. తుఫానొస్తే వెతకాలి కదా, పడవ ఎక్కడికెళ్తోందో కదిలే ముందే తెలియాలంది చంద్రిక. సరే. అక్షరాలు కనబడవు, ఫోను నోటితో మాట్లాడాలన్నాడు ఎల్లాజీ. సరే. ఇద్దరి కోరికా ఒకే బటన్లో ఇమిడ్చి, తన తెలివికి తనే మురిసిపోయాడు.

జాలరిపేట ఒడ్డున ఎల్లాజీ గంగమ్మకి దణ్ణం పెట్టుకుని, పడవలో ఒక కాలు వేసి, బటన్ నొక్కాడు. ఫోను ఒడ్డంతా వినబడేలా అడిగింది: "ఎక్కడికి వెళ్తున్నారు?"

అందరూ బిగుసుకుపోయారు. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడక్కూడదని పసిపిల్లలకీ తెలుసు. ఉమామహేష్‌కీ తెలుసు. అడిగేది తను కాదుగా, ఫోనేగా అనుకున్నాడు మహానుభావుడు.

ఎల్లాజీ దిగి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు ఇసుకలో కూర్చుని మళ్లీ బయల్దేరాడు. ఫోను మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ దిగాడు. తక్కిన పది పడవల్లోనూ ఇదే వరస. ఎనిమిదయ్యేసరికి పదకొండు పడవలూ ఒడ్డునే ఉన్నాయి, తాగిన నీళ్లకి అందరి కడుపులూ నిండాయి.

"ఏటిది బాబూ? ఇలాగైతే నాను ఇయ్యాల ఏటమ్మాల, ఇసకా?" అంది ఎల్లాజీ భార్య సీతాలు, ఖాళీ గంప చూపిస్తూ.

ఉమామహేష్ చంద్రికకి ఫోన్ చేశాడు. "మేడమ్, ఆ ప్రశ్న తీసేద్దామా?"

"రేపు పడవ కనబడకపోతే ఎక్కడని వెతుకుతాం? కుదరదు."

"తియ్యకపోతే నానెల్లను," అన్నాడు పక్కనుంచి ఎల్లాజీ.

ఇద్దరి మాటా న్యాయమే, అదే అతని ఖర్మ. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు తట్టింది. వెళ్లేవాణ్ణి అడక్కూడదు గానీ, ఒడ్డున ఉన్నవాళ్లని అడగొచ్చుగా. పడవ ఏ దిక్కుకో ఇంట్లో ఆడవాళ్లకి తెలియకుండా ఉంటుందా? ల్యాప్‌టాప్ తెరిచి, ఆ ప్రశ్నని మగవాళ్ల ఫోన్లలోంచి పీకి ఆడవాళ్ల ఫోన్లలో పెట్టాడు. పడవలు కదిలాయి. సీతాలు జవాబు రాసింది, ఆమెది చూసి తక్కిన పదిమందీ రాశారు.

ఉమామహేష్ సంబరంగా మ్యాపు తెరిచాడు. పదకొండు పడవలూ పద్మనాభంలో ఉన్నాయి, వరిచేల మధ్య.

"అమ్మా, అక్కడ సముద్రం లేదు కదా," అన్నాడు నీరసంగా.

"నాకు తెల్దేటి? మా అప్పనిచ్చిన ఊరే అది," అంది సీతాలు. "మావోడు సేపలట్టే సోటు ఊరందరికీ సెప్పీమంటావేటి? తుఫానొత్తే నన్నడగమను, సెప్తాను."

ఉద్యోగం పోయినట్టేనని అతను ఇసుకలో కూలబడ్డాడు. మధ్యాహ్నం పడవలు నిండుగా వచ్చాయి. అప్పుడే చంద్రిక ఫోన్ చేస్తే, ఎల్లాజీ లాక్కుని చెప్పాడు: "బాగుంది మేడమ్. పడవలన్నీ అందరికీ కనపడతన్నాయి, ఎవుడెక్కడున్నాడో మాత్రం ఎవుడికీ తెల్దు."

చంద్రికకి మొదటి ముక్క చాలు. "ఉమామహేష్, పదకొండుకి పదకొండూ నింపారయ్యా. కాగితం ఫారాలైతే మరే ఊళ్లోనూ సగం కూడా నింపలేదు. నీ ఉద్యోగం ఖాయం. మ్యాపు తర్వాత తీరిగ్గా చూస్తాలే," అంది.

ఆ రోజు నుంచీ ఆఫీసు గోడ మీది తెరలో పదకొండు పడవలు పద్మనాభం వరిచేలలో క్షేమంగా లంగరేసుకుని ఉన్నాయి.