బాస్సె గొంతు

సోమవారం పొద్దున గుద్రూన్ పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అందుకని ఆరింటికే లేచి, తను తిరిగి వచ్చేదాకా మొగుడు చేయవలసిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి, కాఫీ ఫ్లాస్కుకు ఆనించి పెట్టింది. పద్నాలుగు కుక్కలకు తిండి. పెద్దవాటిని రెండు జట్లుగా నీటి ఒడ్డుదాకా తిప్పుకు రావడం. ఏడో గదిలోని ముసలి పూడుల్‌కు చెవిలో చుక్కలు. ఆఖర్న, కింద గీత గీసి మరీ: "ఫోను మోగితే మోగనీ."

నిజానికి ఆ ఆఖరి మాట రాయనవసరం లేదు. తోర్కిల్ ఫోను ఎత్తే మనిషి కాదు. ముప్పై ఏళ్లపాటు తాముండే డేనిష్ దీవికీ అవతలి ఒడ్డుకీ మధ్య ఫెర్రీ నడిపాడు. అన్నేళ్లలోనూ అతని నోట "ఊఁ", "కాదు" కాక మూడో మాట విన్న ప్రయాణికుడు లేడు. ఫెర్రీ నుంచి రిటైరయ్యాక భార్య నడిపే కుక్కల హాస్టల్లో పనికి కుదురుకున్నాడు. సెలవులకు ఊరెళ్లే వాళ్లు తమ కుక్కల్ని అక్కడ దింపి వెళతారు. కుక్కలు రేపు వాన పడుతుందా అని అడగవు కాబట్టి అతనికి ఆ ఉద్యోగం హాయిగా ఉంది.

తొమ్మిదింటికి ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. నాలుగోసారి మోగేసరికి ఏడో గది ముసలి కుక్క తల ఎత్తి అతనివైపు చూసింది. ఆ చూపుకు తట్టుకోలేక తోర్కిల్ ఫోను ఎత్తాడు.

"గుద్రూనేనా?"

"కాదు."

"నువ్వా తోర్కిల్? నేను అగ్నేతెను, మదీరా నుంచి. ఫోను కాస్త మా బాస్సె చెవి దగ్గర పెట్టు నాయనా."

అగ్నేతె గారు ఊళ్లో లైబ్రరీ నడిపి రిటైరైన మనిషి. భర్త పోయి రెండేళ్లయింది. ఆ తరువాత ఇల్లు కదలడం ఇదే మొదలు. ఒక కొండనడక బృందంతో వారం రోజులకని దక్షిణాన మదీరా దీవికి వెళ్లింది. బాస్సె ఆమె కుక్క. పొట్టికాళ్లు, నేల మీద జీరాడే చెవులు, తొమ్మిదేళ్ల వయసు. శనివారం దింపిన దగ్గర్నుంచీ వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తోర్కిల్ మోకాళ్ల మీద కూర్చుని స్పీకరు నొక్కి, ఫోను వాడి చెవి పక్కన పెట్టాడు.

"బాస్సె, అమ్మనురా. ఇక్కడ ఎండ బాగుంది. కొండలు కూడా బాగున్నాయి. మనుషులే ఇంకా అలవాటు కాలేదు. పొద్దున ఫలహారం దగ్గర నా బల్ల మీద నేనొక్కదాన్నే." గొంతు కొంచెం పెంచింది. "ఉన్నావట్రా? ఒక్క మాటైనా అనవేం?"

బాస్సె గోడవైపు చూశాడు. ఫోన్లో ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆ ఊపిరి కొంచెం వణికినట్టనిపించింది తోర్కిల్‌కు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. కుక్క అనేలా లేదు. అనవలసిన మాటేమిటో తనకు తెలియదు. నోరు తెరిచాడు.

"భౌ."

మిగతా పదమూడు కుక్కలూ విస్తుపోయి ఊరుకున్నాయి. అవతల అగ్నేతె గారు ఏడవడం వినిపించింది.

"తొమ్మిదేళ్లు... తొమ్మిదేళ్లలో నువ్వు ఒక్కసారైనా మొరగలేదు కదురా తండ్రీ."

తోర్కిల్ నెమ్మదిగా తల ఎత్తి, గది తలుపుకు వేలాడుతున్న కార్డు చూశాడు. గుద్రూన్ చేతిరాత. "బాస్సె. లివర్ పేస్టు ఇష్టం. పిల్లులంటే భయం. పుట్టు మూగ."

ఒంటిగంటకు పశువుల డాక్టరు ఎస్బెన్ గారి కారు గేటు ముందు ఆగింది. ఆయన పొడుగ్గా, సన్నగా, మహా నిజాయితీగా ఉండే మనిషి.

"మీ దగ్గర ఒక కుక్క నన్ను అబద్ధాలకోరును చేసిందట. ఈ కుక్క ఈ జన్మలో మొరగదని ఆరేళ్ల కిందట నేనే రాసిచ్చాను. ఇందాక అగ్నేతె గారు ఫోన్ చేసి, నా కాగితం చించెయ్యమన్నారు" అన్నాడు.

బాస్సె నోరు తెరిపించి, లైటు వేసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ అంతుపట్టలేదు. తోర్కిల్ చెప్పేద్దామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడ ఫోన్లో ఏడ్చిందయ్యా," అన్నాడు డాక్టరు టార్చి ఆర్పుతూ. "భర్త పోయాక ఆ మనిషి గొంతులో అంత సంతోషం నేను వినలేదు."

తోర్కిల్ సవరించుకున్న గొంతును అలాగే మింగేశాడు.

"కొత్తవాళ్ల వాసన ఉంటే మొరగడు కాబోలు. రేపు తొమ్మిదింటికి వస్తాను. లోపలికి రాను, గోడ అవతల కూర్చుని రికార్డు చేసుకుంటాను. నేను పొరబడ్డానని నలుగురికీ తెలియాలి కదా."

డాక్టరు వెళ్లిన కాసేపటికి గుద్రూన్ వచ్చింది. సూది మందుతో మూతి ఒక పక్కంతా మొద్దుబారి ఉంది. తోర్కిల్ బాస్సె ఉన్న మూడో గదివైపు చూపించి, "మొరిగాడు" అన్నాడు.

"బాత్తె మొవగడు," అంది గుద్రూన్. "కావ్దులో వాతాను."

తోర్కిల్ ఆమెకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. సాయంత్రానికి తిమ్మిరి వదిలాక ఆమె అదే మాట మళ్లీ శుభ్రంగా చెప్పింది.

"బాస్సె మొరగడు. కార్డులో రాశాను. మరి మొరిగిందెవరు?"

తోర్కిల్ తన గుండె మీద వేలు పెట్టి చూపించాడు. గుద్రూన్ నవ్వబోయి, దవడ నొప్పికి చెంప పట్టుకుంది.

"రేపు ఆవిడ చేసినప్పుడు, నేనే మొరిగానండీ అని ఒక్క ముక్క చెప్పేయ్. అయిపోతుంది."

"నువ్వు చెప్పు."

"నేను మొరిగానా?"

మంగళవారం తొమ్మిదింటికి డాక్టరు చెక్కగోడ అవతల బకెట్టు బోర్లించుకుని, రికార్డరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తోర్కిల్ చెప్పవలసిన ముక్కను ఎనిమిది నుంచీ లోలోపల వల్లె వేసుకుంటున్నాడు. ఫోను మోగింది.

"తోర్కిల్, అందరం ఫలహారం దగ్గరున్నాం. స్పీకర్లో పెట్టాను. మన వాళ్లే, ఇరవై రెండు మంది. ఫోను బాస్సె దగ్గర పెడతావా?"

చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఇరవై రెండు మంది డేనిష్ వాళ్లు ఊపిరి బిగబట్టడం తోర్కిల్‌కు స్పష్టంగా వినిపించింది. ఒకరితో మాట్లాడటమే అతనికి కష్టం. ఇంతమంది ముందు "నేనే మొరిగాను" అనడం కంటే మొరగడమే తేలిక అనిపించింది.

"భౌ," అన్నాడు. తరువాత ఎందుకైనా మంచిదని, "భౌ, భౌ."

మదీరాలో చప్పట్లు మోగాయి. గోడ అవతల డాక్టరు బకెట్టు మీంచి లేచిన చప్పుడు వినిపించింది.

బుధవారం నాటికి అది దినచర్య అయిపోయింది. అగ్నేతె గారు ప్రశ్నలు కూడా మొదలుపెట్టింది. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు.

"తిన్నావట్రా?"

"భౌ."

"గుద్రూన్ కోప్పడుతోందా?"

తోర్కిల్ తలుపు దగ్గర నిలబడ్డ భార్యవైపు చూశాడు. చాలాసేపు ఆలోచించాడు. "భౌ, భౌ."

"ఆలోచించి చెప్పాడు," అంది అగ్నేతె గారు అక్కడి వాళ్లతో.

ఆ పూట తోర్కిల్ తొమ్మిదింటికి ముందే గడ్డం గీసుకున్నాడని గుద్రూన్ గమనించింది. "పెళ్లయి ముప్పై నాలుగేళ్లు," అంది లివర్ పేస్టు రాసిన రొట్టె అతని ముందు పెడుతూ. "నాతో ఒక్క పూటలో ఇంత మాట్లాడిన రోజు లేదు."

"అది మాట్లాడటం కాదు," అన్నాడు తోర్కిల్.

"మరీ మంచిది. నాతో అదైనా లేదు."

గురువారానికి గొంతు పోయింది. ముప్పై ఏళ్లుగా వాడని గొంతు, నలభై ఏళ్లుగా పైపు పొగ పట్టిన గొంతు, నాలుగు రోజుల మొరుగుడుకు తట్టుకోలేకపోయింది. "భౌ" సగంలో చీలిపోయి, చివర్న తలుపు కిర్రుమన్నట్టు ఆగింది. గుద్రూన్ వేడిపాలల్లో తేనె కలిపి ఇచ్చింది. గోడ అవతల డాక్టరు మొహం మాత్రం నల్లబడింది. మూడు రోజుల రికార్డింగులూ కోపెన్‌హేగన్‌లో తనకు తెలిసిన ఒక గొంతుల ప్రొఫెసరుకు పంపాడు.

శుక్రవారం మధ్యాహ్నం జవాబు పట్టుకుని వచ్చాడు.

"వినండి. 'రోజురోజుకీ బొంగురు పెరుగుతోంది. ఇది దశాబ్దాలుగా పొగ పీల్చిన గొంతు. కుక్క ఉండే చోట ఎవరైనా పొగ తాగుతారా?'"

డాక్టరూ గుద్రూనూ తోర్కిల్ నోట్లో ఉన్న పైపువైపు చూశారు. తోర్కిల్ కూడా కళ్లు దించి చూసుకున్నాడు.

"నిన్ను అని ఏం లాభంలే. గొంతులో కంతి ఉందేమోనని ప్రొఫెసరు అనుమానం. రేపు అగ్నేతె గారు వస్తారు కదా. ఆవిడతో ఒక మాట చెప్పి, వెంటనే బాస్సెకు మత్తిచ్చి లోపల గొట్టం వేసి చూడాలి. తొమ్మిదేళ్ల కుక్క, బరువు కూడా ఎక్కువే. మత్తంటే నాకూ భయమే. కానీ చూడకుండా వదిలెయ్యలేం."

డాక్టరు వెళ్లిపోయాక తోర్కిల్ పైపు తీసి పొయ్యిలో వేశాడు. ఇరవై ఏళ్లుగా ఆ పని చెయ్యమని అడుగుతున్న గుద్రూన్ పొయ్యి తలుపు మూసింది.

"రేపు చెప్పకపోతే?" అంది కాసేపయ్యాక.

"చెబుతాను."

ఆ మధ్యాహ్నం పెద్దకుక్కల్ని నీటి ఒడ్డుకు తిప్పుతూ దారి పొడుగునా చెప్పి చూసుకున్నాడు. కుక్కలు మర్యాదగానే విన్నాయి. మూడో గదికి వచ్చి బాస్సెకు కూడా చెప్పాడు. బాస్సె గోడవైపు నుంచి ఇటు తిరిగి, తలకాయ అతని బూటు మీద పెట్టి పడుకున్నాడు. తోర్కిల్ కాలు తిమ్మిరెక్కిందాకా కదల్లేదు. ఇంత నోరులేని జీవికి, తన నోటి వల్ల సూది పొడిపించబోతున్నాడు.

శనివారం పదింటికి అగ్నేతె గారు విమానాశ్రయం నుంచి తిన్నగా టాక్సీలో దిగింది. ముక్కు ఎండకు ఎర్రగా కమిలి ఉంది. డాక్టరు అప్పటికే సంచీతో గేటు దగ్గర నిలబడ్డాడు. బాస్సె ఆమెను చూసి, పొట్టికాళ్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చి, తోకతోబాటు నడుమంతా ఊపాడు. నోరు మాత్రం విప్పలేదు.

"అగ్నేతె గారూ, మీతో ఒక మాట చెప్పాలి," అని డాక్టరు మొదలుపెట్టాడు. "వాడి గొంతు విషయం. ఇప్పుడే మత్తిచ్చి..."

తోర్కిల్ వచ్చి డాక్టరుకూ కుక్కకూ మధ్య నిలబడ్డాడు.

"ఆగండి. వాడి గొంతులో ఏమీ లేదు. వాడు మొరగలేదు. ఒక్కసారి కూడా. మొరిగింది నేను. సోమవారం ఈవిడ అటు నుంచి పిలుస్తుంటే వాడు పలకలేదు, నాకు ఏం చెప్పాలో తెలియలేదు. తరువాత ఆపడం చేతకాలేదు. బొంగురు నాది. పొగ నాది. మీ ప్రొఫెసరు చెప్పింది నా గొంతు గురించే. నన్ను ఏమన్నా అనండి, కుక్కకు సూది వెయ్యకండి."

గొంతు బొంగురుపోయి మాట మాటకూ జీర వస్తోంది. పెళ్లినాడు చర్చిలో పాస్టరు అడిగినప్పుడు కూడా అతను ఇందులో పదో వంతు మాట్లాడలేదని గుద్రూన్‌కు గుర్తుంది. అగ్నేతె గారు కుక్క చెవి నిమురుతూ కిందనే కూర్చుని ఉంది.

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?" అన్నాడు డాక్టరు.

"సోమవారం నిజంగానే నమ్మానండీ. కూర్చుని ఏడ్చాను కూడా. మంగళవారం ఈ తోర్కిల్ మూడు సార్లు మొరిగి, ఆఖర్న మెల్లగా 'ఏమీ అనుకోకు బాస్సె' అన్నాడు. ఇరవై రెండు మందిమీ విన్నాం. వడ్డించే కుర్రవాడికి డేనిష్ రాదు, వాడు కూడా నవ్వాడు."

తోర్కిల్ చెవులు ఎర్రబడ్డాయి. "మరి... రోజూ ఫోను ఎందుకు చేశారు?"

"మూడు రోజులు నేను ఒక్కదాన్నే తిన్నాను నాయనా. మంగళవారం నుంచి నా బల్ల చుట్టూ కుర్చీలు చాలలేదు. తొమ్మిది ఎప్పుడవుతుందా అని జనం ముందే వచ్చి కూర్చునేవాళ్లు. నిన్న నువ్వు దగ్గితే వాళ్లకు దిగులేసింది. నీకు దగ్గు మందు పంపారు, పెట్టెలో ఉంది." ఆమె చేతులు దులుపుకుంటూ లేచింది. "ఆయన పోయాక నేను కడుపుబ్బ నవ్వింది ఈ వారమే. దాన్ని నేనెందుకు ఆపుతాను?"

డాక్టరు చేతిలోని సంచీ కింద పెట్టాడు. ఆరేళ్ల కిందటి తన కాగితం ఒప్పేనని అప్పుడు గుర్తొచ్చి మొహం కొంచెం వికసించింది. మరుక్షణమే మళ్లీ వాడిపోయింది.

"ప్రొఫెసరుకు ఏమని రాయను?"

"రోగి పొగ మానేశాడని రాయండి," అంది గుద్రూన్.

కాఫీలు తాగారు. దగ్గు మందు బాగానే ఉంది. వెళ్లబోతూ అగ్నేతె గారు గుమ్మం దగ్గర ఆగింది.

"అక్టోబరులో అందరం కలిసి స్కాట్లండు వెళ్తున్నాం, పది రోజులు. ఈసారి బాస్సెను వెంట తీసుకెళ్తాను. కుక్కల్ని రానిచ్చే హోటలే చూశారు."

"అయితే మా దగ్గర గది అక్కర్లేదన్నమాట," అంది గుద్రూన్ కొంచెం నిరాశగా.

"గది అక్కర్లేదు. తోర్కిల్ కావాలి. రోజూ పొద్దున తొమ్మిదింటికి, ఫోన్లో. అందరూ అడుగుతున్నారు."

తోర్కిల్ బాస్సెవైపు చూశాడు. బాస్సె అతనివైపు చూశాడు.

గుద్రూన్ రిజిస్టరు తెరిచి, అక్టోబరు పేజీలో మూడో గదికి ఎదురుగా, కుక్క పేరు రాయవలసిన చోట మొగుడి పేరు రాసుకుంది.