నా టైటానియం పన్ను, దాని మీది పూత

ముందు పన్ను ఊడటం లాంటి అదృష్టం మనిషికి మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. నేనూ నవ్వడం లేదు, నవ్వితే సందు కనిపిస్తుంది.

పన్ను ఉన్నంతకాలం నేను మామూలు కాలమిస్టుని. ఒకరోజు కత్తెర వెతికే ఓపిక లేక కొత్త చార్జర్ ప్యాకెట్‌ని పళ్ళతో చించబోయాను. ప్యాకెట్ గెలిచింది. విరిగిన పన్ను ఇక పనికిరాదని డాక్టరమ్మ పీకేసి, ఆ చోట ఎముకలోకి టైటానియం స్క్రూ బిగించింది. ఆ క్షణం నుంచి నేను శాస్త్రవేత్తనైపోయాను!

ఎందుకంటే ఆ స్క్రూ మీద పూత ఉంది. ఉత్త టైటానియం నున్నగా ఉంటే ఎముక దాన్ని పట్టుకోవడానికి బద్ధకిస్తుందట. అందుకని గరుకు చేసి, మన ఎముకలో ఉండే ఖనిజాన్నే పలచగా పూస్తారు. ఎముక దాన్ని సొంత మనిషే అనుకుని చుట్టూ అల్లుకుపోతుంది. డాక్టరమ్మ ఇదంతా రెండు ముక్కల్లో చెప్పి, గట్టిపడేదాకా దాన్ని కదపవద్దంది. నేను పూత దాకానే విన్నాను.

ఇక ఇంటర్నెట్ అంతా జల్లెడ పట్టాను. సెలూన్ ఆయన నా గడ్డానికి నురగ పెట్టి, నేను పూతల్లో రకాలు ముగించేదాకా కత్తి పట్టుకుని నిలబడ్డాడు. నురగ ఆరిపోయింది. లిఫ్టులో పై అంతస్తు ఆవిడకి వివరించాను. ఆవిడ ఇప్పుడు మెట్లెక్కుతోంది, ఒంటికి మంచిదే కదా! ఆఫీసులో నమ్మని వాళ్ళకి పై పెదవి ఎత్తి, పెన్ను మూతతో స్క్రూని తట్టి మరీ చూపించాను. ఎవరూ దొరకనప్పుడు పట్టు ఎంతవరకు వచ్చిందో నాలుకతో నేనే తోసి చూసుకునేవాణ్ణి. ప్రయోగం లేకుండా శాస్త్రం ఎలా ఎదుగుతుంది?

మా అత్తగారి దవడలోనూ అదే డాక్టరమ్మ అలాంటి స్క్రూనే వేసింది. పూత ఏ రకమో కనుక్కున్నారా అని అడిగాను. "నాకెందుకు బాబూ? వేసినావిడకి తెలుసు కదా" అని, మెత్తగా ఉడికిందేదో రెండో పక్కన నములుకుంటూ కూర్చుంది. ఆవిడ అజ్ఞానానికి జాలిపడ్డాను.

కొన్ని నెలల తర్వాత ఇద్దర్నీ మా ఆవిడే చెకప్‌కి తీసుకెళ్ళింది. అత్తగారి స్క్రూ ఎముకలో పాతుకుపోయిందని, ఇక పన్ను తొడగవచ్చని డాక్టరమ్మ సంతోషించింది. నాది ముట్టుకోగానే పట్టకారు వెంట వచ్చేసింది. ఇన్నాళ్ళూ నేను ఊరంతా చాటిన ఘనత ట్రేలో టంగుమని పడింది.

"పూతలో లోపమేమో?" అన్నాను, ఆశ చావక.

"పూత బాగానే ఉందండీ. ఎముక పట్టుకోబోయినప్పుడల్లా ఎవరో కదిపారు."

ఎవరో! అత్తగారు తల తిప్పుకుని కిటికీలోంచి రోడ్డు చూసింది. పెద్దమనిషి.

ఎముక మానాక మళ్ళీ వేస్తానంది డాక్టరమ్మ. అయితే ఈసారి మార్కెట్లోకి కొత్త పూతలేమైనా వచ్చాయా అని నేను ఆరా మొదలుపెట్టాను. ఇన్ని నెలల్లో ఒక్క ప్రశ్నా అడగని మా ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"డాక్టర్‌గారూ, ఈసారి మాట్లాడకూడదని కూడా చెప్పండి."

"మాట్లాడితే స్క్రూకేం కాదండీ."

"తెలుసు" అంది మా ఆవిడ. "అయినా చెప్పండి."