పసుపు అంటని తోరం

పెళ్ళయ్యాక దుర్గాశ్రీకి అది మొదటి వరలక్ష్మీ వ్రతం. ఎనిమిదింటికల్లా గారెలు, పదింటికల్లా పూజ, ఆపైన పేరంటాళ్ళకి భోజనాలు అని అత్తగారు సూర్యకళ ముందురోజే అనుకుంది. కడియం నుంచి చామంతులు కూడా వచ్చేశాయి.

దుర్గాశ్రీ ఆఖరి వాయ నూనెలోంచి తీస్తుండగా హాల్లోంచి కేక వినిపించింది.

"అయ్యో నా తల్లీ! తోరాలకి పసుపు అంటడం లేదు!"

చిల్లుల గరిటెతోనే పరుగెత్తింది. పళ్ళెం నిండా పసుపు నీళ్ళు. అందులో తొమ్మిది పేటల తోరాలు కొంగ రెక్కల్లా తెల్లగా ఉన్నాయి. సూర్యకళ వేళ్ళు పచ్చన, చీర అంచు పచ్చన, గచ్చు పచ్చన. దారం మాత్రం చుక్క కూడా పీల్చలేదు.

"పసుపు కల్తీదేమో అత్తయ్యగారూ."

పసుపు కొమ్ములు తెచ్చి నూరారు. ఊహూఁ. పేరంటాళ్ళు పళ్ళెం చుట్టూ మూగారు. అప్పుడు పక్కింటి చిన్నమ్మాయిగారు గొంతు సవరించుకుంది. పేరుకి చిన్నమ్మాయి గానీ ఆవిడకి అరవై అయిదు. వీధిలో ఏ వ్రతానికైనా తప్పొప్పులు చెప్పేది ఆవిడే.

"ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో తోరం కట్టించుకుంటున్నాను సూర్యకళా. ఎన్నడూ ఇలా కాలేదు. ఈ ఏడు ఇంట్లోకి కొత్తగా ఏం వచ్చిందో నువ్వే ఆలోచించుకో."

అందరూ దుర్గాశ్రీ వైపు తిరిగారు. ఇక జన్మంతా ఈ ఇంట్లో పాలు విరిగినా తన పాదాన్నే అంటారు.

అప్పుడే ముక్కుకి పుదీనా వాసన తగిలింది.

"ఈ దారం ఎక్కడిదండీ?"

"ఉండ అయిపోతే మణిదీప్ మీ గదిలోంచి తెచ్చిచ్చాడు. చిన్న తెల్ల డబ్బా."

దుర్గాశ్రీకి సంగతి అర్థమైంది. మొగుణ్ణి తర్వాత చూసుకోవచ్చు. చెబితే వ్రతం చెడగొట్టింది అంటారు, చెప్పకపోతే దరిద్రపు పాదం అంటారు. చెప్పేసింది.

"అది పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారమండీ. రాజమండ్రి డాక్టరుగారు రోజూ వాడమన్నారు. పుదీనా వాసన వేసి మైనం పూత పూస్తారు, అందుకే అంటలేదు. డబ్బాలోది కొత్తదేనండీ, ఎంగిలి కాదు."

"పళ్ళకి దారమా!" చిన్నమ్మాయిగారు నవ్వింది. "పూలకి విన్నాం, బట్టలకి విన్నాం. కప్పిపుచ్చుకోడానికి ఎన్ని కథలే! అంత నిజమైతే నా పళ్ళకి వేసి చూపించు. శ్రావణం వచ్చాక నీచు ముట్టనిదాన్ని. పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు. ఏం వస్తుందో నేనూ చూస్తా."

దుర్గాశ్రీ చేతులు కడుక్కుని డబ్బాలోంచి మూరెడు దారం లాగింది. రెండు మధ్యవేళ్ళకీ చుట్టి, నడుమ అంగుళం వదిలింది.

"గట్టిగా నొక్కితే చిగుళ్ళు తెగుతాయండీ," అంటూ ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడిస్తూ సందులోకి దింపింది. పంటిని చుట్టుకునేలా వంచి, కిందికీ పైకీ రుద్దింది. ఒక్కో సందుకీ వేలి చుట్టు విప్పి శుభ్రమైన దారం. నాలుగో సందులో ఏదో తగిలి, ఊడి వచ్చింది.

సన్నటి ముల్లు. చివర రెండుగా చీలి ఉంది.

అందరూ ముందుకి వంగి చూశారు. పులస చేప ముల్లుని పోల్చుకోలేని ఆడది గోదారి పక్కన లేదు.

"అది... వేపపుల్ల ముక్క," అంది చిన్నమ్మాయిగారు.

సూర్యకళ వంగి వాసన చూసింది.

"వేపపుల్లని పులుసు పెట్టారా వదినగారూ?"

మణిదీప్ కొట్టు నుంచి మామూలు దారం ఉండ తెచ్చాడు. ముంచగానే పచ్చబడింది. మొదటి తోరం సూర్యకళ కోడలి చేతికే కట్టింది.

ఆ శ్రావణమంతా ఆ వీధి పేరంటాల్లో ఎవరూ నోరు పూర్తిగా తెరిచి నవ్వలేదు.